మూడు వేలతో ఆప్షన్లా?

"లక్షలు లేనివాళ్లు షేర్లు కొని ఏం సంపాదిస్తారు? మూడు వేలుంటే చాలు, ఆప్షన్లతో మొదలుపెట్టండి. నష్టమొచ్చినా కట్టిన ప్రీమియం వరకే కదా!" స్టాక్ మార్కెట్‌లో కొత్తగా అడుగుపెట్టే కుర్రాళ్లకు టెలిగ్రామ్ గ్రూపుల్లో, యూట్యూబ్ పాఠాల్లో, ఆదివారం క్లాసుల్లో వినిపిస్తున్న సలహా ఇది. సామాన్యుడికి మేలు చేస్తున్నట్టే చెబుతారు. ఈ సలహా మొదటి మాట నుంచి చివరి మాట దాకా తప్పు.

ప్రీమియం వరకే నష్టం అన్నదాన్నే ముందు చూద్దాం, ఎందుకంటే వినేవాళ్లు పడిపోయేది అక్కడే. నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకోండి. ఎక్స్‌పైరీకి, అంటే ఆప్షన్ గడువు ముగియడానికి, ఇంకా రెండు రోజులుంది. మార్కెట్ పెరుగుతుందని మీ నమ్మకం. 25,300 కాల్, అంటే గడువు రోజున నిఫ్టీ 25,300 దాటితేనే డబ్బొచ్చే ఆప్షన్, 40 రూపాయలకు దొరికింది. లాట్‌కు 75 అనుకుంటే 3,000 రూపాయలు పెట్టి కొన్నారు. మీరనుకున్నట్టే నిఫ్టీ 200 పాయింట్లు పెరిగి, ఎక్స్‌పైరీ రోజు 25,200 దగ్గర ముగిసింది. మీ చేతికొచ్చేది సున్నా. పెట్టిన డబ్బు తిరిగి రావాలంటేనే నిఫ్టీ 25,340కి చేరాలి. మార్కెట్ ఎటు పోతుందో సరిగ్గా చెప్పి కూడా మొత్తం పోగొట్టుకున్నారన్నమాట. అదే 3,000తో ఓ మంచి కంపెనీ షేర్లు కొని ఉంటే, ధర ఒక శాతం పడినప్పుడు తగ్గేది 30 రూపాయలు. పైగా ఆ షేర్లు రేపూ ఎల్లుండీ మీ డీమ్యాట్ ఖాతాలోనే ఉంటాయి. ఆప్షన్‌కు గడువుంది, గడువు దగ్గరపడేకొద్దీ దాని విలువ కరిగిపోతుంది. పరిమిత నష్టమని వాళ్లు చెబుతున్నది పెట్టిన డబ్బు మొత్తాన్ని. వారం వారం అలా పోతుంటే దానికి పరిమితి ఎక్కడ?

చిన్న పెట్టుబడికి ఆప్షన్లే అనువైనవన్న మాటా నిలవదు. చాలా డిస్కౌంట్ బ్రోకర్ల దగ్గర కొన్నప్పుడు 20, అమ్మినప్పుడు 20 రూపాయల బ్రోకరేజీ ఉంటుంది. దానిమీద 18 శాతం జీఎస్‌టీ, అమ్మకం మీద ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను), ఎక్స్ఛేంజీ ఛార్జీలు కలిపితే ఒక్కో లావాదేవీకి 50 రూపాయలు దాటుతుంది. రోజుకు రెండుసార్లు, నెలకు 20 రోజులు చేస్తే 2,000 రూపాయలు. లాభనష్టాల లెక్క మొదలవకముందే మూడు వేల పెట్టుబడిలో మూడింట రెండు వంతులు ఖర్చుల కిందే పోయింది. లక్షలతో ఆడేవాడికి ఈ ఖర్చు కనపడదు. నలిగిపోయేది చిన్నవాడే.

"పోగొట్టుకునేది నేర్చుకోనివాళ్లు, మేం నేర్పిస్తాం" అన్నది వాళ్ల చివరి వాదన. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించిన అధ్యయనం చూడండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) ట్రేడ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి తలకు సగటున సుమారు 2 లక్షలు, మొత్తంమీద 1.8 లక్షల కోట్లకు పైనే. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవాళ్లు ఒక్క శాతం. 2024-25లోనూ నూటికి 91 మందికి నష్టమే. నేర్చుకోనివాళ్లు నూటికి 91 మంది ఉంటారా?

అసలు కారణం వేరే ఉంది. అవతలి వైపు కూర్చున్నది విదేశీ ఫండ్లు, సొంత డబ్బుతో ట్రేడ్ చేసే పెద్ద సంస్థలు. 2023-24లో వాళ్ల లాభాల్లో 96, 97 శాతం కంప్యూటర్లు నడిపే ఆల్గో ట్రేడింగ్ నుంచే వచ్చింది. కొవ్వొత్తి చార్టులు నాలుగు వారాలు చదివిన కుర్రాడు ఫోన్‌లో బటన్ నొక్కి ఆ యంత్రాలతో పోటీపడాలట! చేయగా చేయగా వస్తుందనేవాళ్లు సెబీ ఇంట్రాడే అధ్యయనం కూడా చదవాలి. 2022-23లో షేర్లలో ఇంట్రాడే, అంటే కొన్నరోజే అమ్మేయడం, చేసినవారిలో పదికి ఏడుగురు నష్టపోతే, ఏడాదిలో 500కు మించి ట్రేడ్లు చేసినవారిలో నష్టపోయినవాళ్లు 80 శాతం.

నాకు బాధ కలిగించేది ఇందులో మునుగుతున్నవాళ్లెవరన్నదే. ఎఫ్ అండ్ ఓ చేసేవారిలో 30 ఏళ్లలోపువాళ్ల వాటా 2023-24 ఒక్క ఏడాదిలో 31 నుంచి 43 శాతానికి పెరిగింది. నాలుగింట మూడొంతుల మందికి పైగా తమ వార్షికాదాయం 5 లక్షల లోపేనని రాసిచ్చినవాళ్లు. పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోతున్నారన్న హెచ్చరిక బ్రోకర్ యాప్ తెరవగానే కనిపిస్తుంది. దాన్ని చదవకుండా నొక్కేసి ముందుకుపోయేలా వాళ్లను తయారుచేసింది ఈ పాఠాలే.

చిన్న మొత్తంతో మొదలుపెట్టడానికి దారి లేక కాదు. షేర్లకు లాట్ల లెక్క లేదు, ఒక్కటైనా కొనుక్కోవచ్చు. నిఫ్టీ ఈటీఎఫ్ యూనిట్ కొన్ని వందల రూపాయలకే వస్తుంది, అందులో 50 కంపెనీల వాటా ఉంటుంది. షేర్లలో ప్రమాదం లేదని నేననను. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ షేరు ఒక్కరోజులో నాలుగింట మూడొంతులకు పైగా విలువ పోగొట్టుకోవడం మన హైదరాబాద్ చూసింది. అందుకే ఒకే కంపెనీలో అంతా పెట్టకూడదు, అప్పు తెచ్చి అసలే పెట్టకూడదు. అయినా నిదానంగా నేర్చుకోవడానికి అక్కడ సమయం దొరుకుతుంది.

ఎఫ్ అండ్ ఓ లాభం వ్యాపార ఆదాయం. నిజంగా సంపాదించినవారు దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి తీరాలి. కాబట్టి ఆప్షన్ల క్లాసుకు ఫీజు కట్టమన్నవారిని గత మూడేళ్ల రిటర్నులు చూపించమనండి. స్క్రీన్‌షాట్లు చూపిస్తే ఒప్పుకోవద్దు. రిటర్నులు చూపించకపోతే ఫీజు కట్టకుండా లేచి వచ్చేయండి.