దూరపు దానము, దగ్గరి హింస

మొన్నటి విజయదశమికి ముందునాడు నాకొక వార్త వచ్చెను. కోరుట్లలో నాయొద్ద చదువుకొని, యిప్పుడు హైదరాబాదున వెబ్‌సైట్లు రూపొందించు ఒక చిన్న కంపెనీలో పనిచేయుచున్న శిష్యుడొకడు దానిని పంపెను. ఆ కంపెనీ యికమీదట తన యాదాయములో కొంత భాగమును వన్యమృగముల రక్షణకై యిచ్చునట. "సారూ, మీరు బడిల పులుల గురించి చెప్పినవి యాదికొచ్చినయి. మీకు సంతోషమైతదని పంపుతున్న" అని వ్రాసెను. వార్తతోపాటు ఒక చిత్రపటము నుండెను. అందొక నిప్పుకన్నుల పులి. దాని క్రింద పులికన్న పెద్దవియైన యక్షరములలో కంపెనీ పేరు.

నేను సంతోషించిన మాట నిజము. లాభమే పరమార్థముగా నెంచు వర్తకములో నోరులేని జీవికొక పాలు తీసిపెట్టవలెనను బుద్ధి పుట్టుట చిన్న విషయము కాదు. కాని నా సంతోషము మఱునాటి యుదయము వఱకే నిలిచెను.

మఱునాడు మా వీథిలోని కొకడు పంజరము పట్టుకొని వచ్చెను. అందొక పాలపిట్ట. దసరానాడు పాలపిట్టను చూచిన శుభమను నమ్మకము మన తెలంగాణమున ఇంటింట నున్నదే. పిట్ట కాళ్లకు దారము కట్టియుండెను. నీలపు రెక్కలు విప్పుటకు చోటు లేక, నోరు తెఱచి రొప్పుచుండెను. చదువుకొన్న గృహస్థులు, ఉద్యోగులు బిడ్డలను చంకనెత్తుకొని వచ్చి, పది యిరువది రూపాయలిచ్చి, దర్శనము చేసికొని, మ్రొక్కి పోయిరి. ముందునాడు నేను చూపిన పులిపటమును చూచి "ఎంత గొప్ప పని!" అని మెచ్చినవారును వారిలో నుండిరి.

ఈ వ్యాసము వ్రాయుటకు ఆ పంజరమే కారణము. దూరముననున్న పులికి దానము చేయుచు, గుమ్మము ముందరి పిట్టను హింసించుచున్నాము. దీనికే భూతదయ యని పేరు పెట్టుకొన్నాము.

మన పెద్దల యాచారము ఇట్టిది కాదు. దసరా సాయంకాలము ఊరివారందఱు జమ్మిచెట్టు కడకు పోయెడివారు. పోవు దారిలో చేనిగట్టున, తుమ్మకొమ్మపై, స్వేచ్ఛగా కూర్చున్న పాలపిట్ట కనబడినచో ఆనందించెడివారు. వెదకుట మనిషి పని; కనబడుట పిట్ట యిష్టము. ఆచారములోని సౌందర్యమంతయు అందే యుండెను. ఇప్పుడు మనకు నడచుటకు ఓపిక లేదు, గట్టున చెట్టు లేదు. కావున శుభమును ఇంటికే తెప్పించుకొనుచున్నాము. వన్యప్రాణులను పట్టి బంధించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. 2014లో తెలంగాణ ప్రభుత్వము పాలపిట్టను రాష్ట్రపక్షిగా ప్రకటించినది. ఏడాది పొడుగున రాష్ట్రపక్షియని బిడ్డలకు పాఠము చెప్పుదుము. పండుగనాడు దాని కాళ్లకు దారము కట్టించి రూపాయ యిత్తుము. పట్టినవాడు పేదవాడు, పట్టించినది మన రూపాయ. శిక్ష వానికి, పుణ్యము మనకు!

ఇక దాతల విషయము. నేను దానమును నిందించువాడను కాను. 2013 నాటి కంపెనీల చట్టములోని 135వ సెక్షను, పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజహితమునకు వెచ్చింపవలెనని విధించినది. 500 కోట్ల నికరాస్తి గాని, 1000 కోట్ల వ్యాపారము గాని, 5 కోట్ల నికరలాభము గాని గలవి యా విధికి లోబడును. అట్లు వెచ్చింపదగిన పనుల పట్టికలో వృక్షజంతు సంరక్షణము చేరియున్నది. నా శిష్యుని కంపెనీ వంటి చిన్న సంస్థలకు ఆ నిర్బంధము లేదు. వారు తమంత తామే యిచ్చుచున్నారు. అంతవఱకు వారే పెద్దలు. ఐతే ఆ చట్టములోనే యింకొక మాట కలదు. కంపెనీ తాను పనిచేయు ప్రాంతమునకును, దాని పరిసరములకును మొదటి ప్రాధాన్య మీయవలెనని. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన సామెత యెప్పుడో చెప్పినదానినే చట్టము చెప్పినది. పటములు ముద్రించువారు ఆ వాక్యము దాక చదువుచున్నట్లు తోచదు.

ఇట్టి దానములకు మన యొద్ద ఉదాహరణలు లేకపోలేదు. 1963లో తెఱచిన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో మృగములను దత్తత తీసికొను పద్ధతి కలదు. భారతీయ స్టేట్ బ్యాంకు పలు సంవత్సరములు అచ్చటి పులుల పోషణకు ధనమిచ్చినది. అది మంచి పనియే. బోనులోని పులి ఆకలితో నుండరాదు. కాని బోనులోని పులికి ఆహారము పెట్టుట వేఱు, అడవిలోని పులికి అడవిని మిగుల్చుట వేఱు. మొదటిది రసీదుతో ముగియును. రెండవది మన పొలమును, మన దారిని, మన దీపమును, మన పండుగను తాకును. అందుచేతనే అందఱును మొదటిదానినే కోరుకొందురు.

మా జగిత్యాల సీమకు అడవి దూరము కాదు. ధర్మపురి రేవున నిలిచినచో గోదావరి యావలి యొడ్డు కనబడును. ఆవలనే, జన్నారము వైపు, 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడిన కవ్వాల అడవి. దాని నడిమి భాగమే సుమారు 893 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్రములోని తాడోబా నుండి కాగజ్‌నగరు అడవుల మీదుగా పులులు ఈ వైపునకు నడచివచ్చును. ఆ దారిలో 2024 జనవరిలో ఏమి జరిగినది? కాగజ్‌నగరు అడవిలో కొలది దినముల వ్యవధిలో రెండు పులులు చచ్చిపడినవి. వానిలో నొకటి విషము కలిపిన పశుకళేబరమును తిని చచ్చినట్లు తేలినది. పశువును పోగొట్టుకొన్నవాని కోపము ఎట్టిదో పల్లెలో పుట్టినవారికి చెప్పనక్కఱలేదు. ఆ కోపమును చల్లార్చుటకు పులిపటము పనికిరాదు. సకాలమున చేతికందిన నష్టపరిహారము పనికివచ్చును.

మా చేల సంగతి వినుడు. కోరుట్ల వైపు పసుపు, మొక్కజొన్న. జగిత్యాల చుట్టు మామిడి, వరి. సిరిసిల్ల వైపు మానేటి పరిసరములలో మెట్టచేలు. కంకి పాలుపోసికొను దినములలో అడవిపందుల మంద ఒక్క రాత్రి దిగినచో తెల్లవాఱునప్పటికి రైతు శ్రమ యంతయు మన్నైపోవును. రైతు మంచె వేసికొని చలిలో మేల్కొనును, డబ్బాలు మ్రోగించును, చేని చుట్టు పాత చీరలు కట్టును, చివఱకు విసిగి కరెంటు తీగ లాగును. ఆ తీగకు పందియని, జింకయని, నెమలియని, మనిషియని భేదము లేదు. రాత్రివేళ నీళ్లు కట్టబోయి తీగ తగిలి ప్రాణము విడిచినవారి కథలు మా జిల్లాలలో క్రొత్తవి కావు.

ఆ తీగను నేను సమర్థింపను. అది నేరము, ఘోరము. కాని చల్లని గదిలో కూర్చుండి "రైతు క్రూరుడు" అని తీర్పు చెప్పువారితోను ఏకీభవింపను. అడవికి వెల చెల్లించుచున్నవాడెవడు? పటము ముద్రించినవాడా? కాదు, చేనిగట్టున నిద్రలేనివాడు. 2022 గణనలో దేశమున 3,682 పులులున్నవని లెక్కతేలినప్పుడు మనమందఱము చప్పట్లు కొట్టితిమి. చప్పట్లు దేశమంతటివి, నష్టము గట్టుమీదివానిది. ఈ లెక్క సరిపడనంత కాలము ఏ మృగమునకును క్షేమము లేదు.

కొందఱడుగవచ్చును: "ఎంతో కొంత యిచ్చుచున్నారు గదా, ఈయనివారికన్న మేలు గదా, ఏల తప్పులెన్నెదవు?" అని. మేలే. కాని దానము రెండు విధముల చెడును. తాను చేయవలసిన పనిని మాని ధనమిచ్చినచో అది ప్రాయశ్చిత్తము కాదు, లంచము. ఇచ్చినదానికన్న ఇచ్చితినని చాటుటకే యెక్కువ వ్యయమైనచో అది దానము కాదు, వర్తకము. వర్తకము తప్పు కాదు. దానికి దానమని పేరు పెట్టుట తప్పు.

ధనముకన్న నియమమే ముఖ్యమనుటకు రాబందు దృష్టాంతము. నా చిన్నతనమున గొడ్డు చచ్చిన చోట రాబందులు దిగెడివి. ఇప్పటి బిడ్డలు వానిని పుస్తకములోనే చూచుచున్నారు. కారణము 2004లో బయలుపడినది. పశువుల నొప్పికి వాడు డైక్లోఫెనాక్ అను మందు కళేబరములో మిగిలియుండును. దానిని తిన్న రాబందు మూత్రపిండములు చెడి చచ్చును. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించెను. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ అను మఱి రెంటిని నిషేధించెను. జటాయువు కథ విని కన్నీరు కార్చు మనము, మన యెద్దుకు ఏ సూది వేయుచున్నారని పశువైద్యుని ఒక్కనాడైన అడిగితిమా? రాబందు బొమ్మను తన ప్రకటనపై వేసికొన్న కంపెనీని నేనింతవఱకు చూడలేదు. దాని ముఖము వ్యాపారమునకు పనికిరాదు కాబోలు.

కోతుల సంగతియు నట్టిదే. కొండగట్టు ఆంజనేయుని దర్శించి దిగుచు, కారు అద్దము దించి అరటిపండ్లు, బిస్కట్లు విసరి, అదియే భక్తి యనుకొందుము. చేతికందు తిండి మరగిన కోతి అడవికాయను మఱచును. రహదారిపై బండ్ల క్రింద పడును. పిమ్మట ఊళ్లమీద పడును. కోతుల బాధ పడలేక పెరటిలో కూరపాదు వేయుట మానిన యిల్లాండ్రు ఎందఱో. 2020లో నిర్మల్ సమీపమున కోతులకొక సంరక్షణ కేంద్రమును తెఱవవలసి వచ్చినది. అడవిలో పండ్లచెట్టును కొట్టినది మన గొడ్డలి; ఊరిలో మరపినది మన బిస్కట్టు; నింద మాత్రము కోతికి.

ఇక వెబ్‌సైట్ల కంపెనీల వారికి నాలుగు మాటలు. తమ వృత్తిలో పొగ లేదు, మసి లేదని వారు తలచుచుందురు. తెరపై వెలుగు ప్రతి పుటకును విద్యుత్తు కావలెను. మన దేశమున ఆ విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గు కాల్చి పుట్టించినదే; రామగుండము పొగగొట్టములు మాకు పొరుగు. గోదావరి లోయలో ఉపరితల గనికై నేలను తవ్వుటకు ముందు పైనున్న చెట్టు పోవును. సిరిసిల్ల మరమగ్గము ఆడుటకును, నేనీ వ్యాసము వ్రాయు దీపమునకును అదే విద్యుత్తు. కావున ఎవరి చేతులును శుభ్రములు కావు. బరువైన చిత్రములతోను, తమంత తామాడు బొమ్మలతోను నింపిన పుటకన్న తేలికైన పుట తక్కువ విద్యుత్తుతో నడచును. తేలికగా కట్టుట వారు చేయదగిన మొదటి పని.

రెండవది, వారి విద్యనే దానమీయవచ్చును. పంటపోయినను, పశువు పోయినను ఏ కాగితము ఎవరికీయవలెనో తెలియక రైతు కచేరీల చుట్టు తిరుగుచుండును. తేట తెలుగున, చేతిఫోనులో, ఫొటోతో సహా దరఖాస్తు పెట్టుకొనదగిన సాధనమును కట్టి పంచాయతీలకు ఉచితముగా నిచ్చినచో అది వేయి పులిపటములకు సమానము. మూడవది, ధనమును దగ్గరి గ్రామమున వెచ్చింపుడు. ప్రాణము తీయక, క్షణకాలపు తాకిడితో బెదరించి పంపు సౌరకంచె కలదు. ఒంటరి రైతు దాని వెల మోయలేడు, పదిమందికి కలిపి వేయింపుడు. మొక్కజొన్న చుట్టు ఆముదపు వరుసలు దట్టముగా వేసినచో పందుల బెడద తగ్గునని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ విత్తనము కొనియీయుడు. నాల్గవది, ఎంత యిచ్చితిరి, ఎవరికిచ్చితిరి, దానివలన నేమైనది అని యేటేట లెక్క ప్రకటింపుడు. పులిని చిన్నదిగా వేసి లెక్కను పెద్దదిగా వేయుడు.

ఈ మాటలనే నా శిష్యునకు వ్రాసితిని. "మా మేనేజరుకు చూపిస్త సారూ" అని మొదట బదులు వచ్చెను. గడియ తరువాత మఱియొకటి వచ్చెను: "మా బాపు గూడ చేను చుట్టు తీగ పెడతడు సారూ. నేనెప్పుడు వద్దనలే."

ఆ రెండవ జాబును చదివి చాలసేపు ఊరకుంటిని. వాడు మంచివాడు. వాని తండ్రి మంచివాడు. ఆ పెద్దమనిషిని నేనెఱుగుదును. కుమారుడు హైదరాబాదున పులికై చందా వ్రాయుచుండగా తండ్రి కోరుట్ల చేనిలో చీకటిపడగానే తీగకు కొక్కెము తగిలించుచున్నాడు. ఇద్దఱి నడుమ ఒక్క మాట నడువలేదు. మన సంస్కారములోని లోటు ఇదియే. దానిని నేను పరులయందు చూపుట యేల? పంజరము మా వీథికి వచ్చిననాడు నేనును అరుగుపై నిలిచి చూచితినే గాని దిగి వద్దనలేదు.

"దీపావళికి ఇంటికి పో, మొదట తండ్రితో మాటలాడు, కంపెనీ సంగతి పిదప చూడవచ్చును" అని వానికి వ్రాసితిని. చదువరులకును నా మనవి యిట్టిదే. మీ కుటుంబపు చేనిలో తీగ యున్నదేమో కనుగొనుడు; ఉన్నచో తీయించి, కంచెకగు వ్యయములో మీ వంతు మీరిండు. కొండ దిగునప్పుడు అద్దము ఎత్తియుంచుడు. వచ్చు దసరాకు పంజరము వచ్చినప్పుడు రూపాయ యీయకుడు, చూడకుడు. అరుగు దిగి వద్దనుడు, నేనును దిగెదను. బిడ్డ చేయి పట్టుకొని చేనిగట్టు వఱకు నడువుడు. పిట్ట కనబడవచ్చును, కనబడకపోవచ్చును. కనబడనిచో ఎందుచేతనని బిడ్డ యడుగును. దానికి నిజమైన సమాధానము చెప్పుడు.