బంగాళాఖాతం లెక్కతో యర్రగొండపాలేనికి ఏం పని?

యర్రగొండపాలేనికి సముద్రం వంద కిలోమీటర్ల పైమాటే. నల్లమల పక్కనున్న ఊరికి అలల గొడవ ఎందుకు అనిపిస్తుంది. కానీ 2010 మే 20న లైలా, 2023 డిసెంబర్ 5న మిచౌంగ్, రెండు తుపాన్లూ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. అలాంటప్పుడు మబ్బు ఒంగోలు దగ్గరే ఆగిపోదు కదా. పత్తి తీతలో ఉన్న ఇంటికి రేపు కూలీలను పిలవాలా వద్దా, తీసిన పత్తి ఎక్కడ దాచాలి అన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబులో కొంత భాగం హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ నుంచి వస్తుంది. 1999లో మొదలైన ఈ కేంద్ర సంస్థ పని సముద్రాన్ని కనిపెట్టి ఉండటం. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా ఇక్కడి నుంచే ఇస్తున్నారు.

తుపాను ఎటు పోతుందో చెప్పడం ఇప్పుడు చాలావరకు మెరుగైంది. ఎంత బలపడుతుందో చెప్పడమే కష్టం. ఎందుకంటే తుపానుకు మేత పైనున్న వేడి నీళ్లు మాత్రమే కాదు, కింద ఆ వేడి ఎంత లోతు వరకు ఉందన్నది కూడా. పైపొర పలచగా ఉంటే గాలి చిలికినప్పుడు అడుగు చల్లనీళ్లు పైకొచ్చి తుపాను నీరసిస్తుంది. మందంగా ఉంటే ఇంకా రెచ్చిపోతుంది. పైగా గంగ, గోదావరి లాంటి నదుల మంచినీళ్లు బంగాళాఖాతం మీద మూతలా పరుచుకుని ఆ చిలకడాన్ని అడ్డుకుంటాయి. ఉపగ్రహం పైచర్మాన్నే చూడగలదు. లోపలి సంగతి ఆర్గో తేలియాడే యంత్రాలు చెప్తాయి. ఇవి దాదాపు పది రోజులకోసారి రెండు వేల మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. ప్రపంచం మొత్తం మీద సుమారు 4,000 ఉన్నాయి. ఒడ్డున నిలబెట్టిన రాడార్లు ప్రవాహాల వేగం చూస్తాయి, ఆంధ్రా తీరంలోనూ ఉన్నాయి. లంగరేసిన బోయాలు గాలి, అలలు కొలుస్తాయి. ఈ బోయాలకు పడవలు కట్టడం, పరికరాలు దెబ్బతినడం పాత తలనొప్పి. ఒక్క బోయా మూగబోతే ఆ చోట లెక్క గుడ్డిదే.

జాలర్లకు దీని లాభం నేరుగా కనిపిస్తుంది. చేపలు దొరికే చోటు ఎటువైపో, అలలు ఎంత ఎత్తో తెలుగులోనే కబురు వస్తుంది. మెట్ట ప్రాంతానికి మాత్రం అదే సమాచారం వాతావరణ శాఖ లెక్కల్లో కలిసి, చివరికి ‘దక్షిణ కోస్తాలో భారీ వర్షాలు’ అనే ఒక్క ముక్కగా చేరుతుంది. కొత్తపట్నం జాలరికీ, యర్రగొండపాలెం పత్తి రైతుకూ ఒకే వాక్యం సరిపోతుందా? పిడుగులు, వడగాల్పుల హెచ్చరికలు మండలాల పేర్లతో ఇస్తున్నప్పుడు, తుపాను వాన ఏ మండలంలో ఏ పూట పడొచ్చో కూడా ముందు రోజు సాయంత్రానికే ఫోన్‌కు రావాలి. రాత్రి పదింటికి వచ్చిన మెసేజ్‌తో పొద్దున్నే కూలీలను ఆపలేం.