దగ్గుమందు పేరు హెరాయిన్

మందుల షాపులో తనిఖీ చేసేవాడు డ్రగ్ ఇన్‌స్పెక్టర్. పబ్బు మీద దాడి జరిగితే మర్నాడు పేపర్లో ‘డ్రగ్స్ కలకలం’. ఏకవచనంలో సర్కారు కొలువు, బహువచనంలో జైలు! రెండో దాన్ని మాదకద్రవ్యం అని విడిగా రాస్తే ఈ తికమక ఉండదు కదా అంటారు భాషాభిమానులు. నేనొప్పుకోను.

ఈ మాట పుట్టుకలో మంచీ లేదు, చెడూ లేదు. 14వ శతాబ్దంలో ఫ్రెంచి ‘ద్రోగ్’ ఇంగ్లిష్‌లో చేరి డ్రగ్ అయింది. దాని వెనక, ఎండినది అనే అర్థమున్న డచ్చి మాట ఉందని ఒక వాదం. ఎండు సరుకు పోసిన పీపాల మీది మాటే సరుకుకు అంటుకుందట. పండితులింకా తేల్చలేదు గానీ నాకు నమ్మబుద్ధేస్తుంది. మూలికల కొట్టుకు వెళ్లి చూడండి: శొంఠి, పిప్పళ్లు, కరక్కాయ, అతిమధురం, వసకొమ్ము. పచ్చిదనేది దాదాపు కనపడదు.

మాట చెడింది తర్వాత. 1874లో లండన్‌లో ఆల్డర్ రైట్ మార్ఫిన్ నుంచి ఒక పదార్థం చేస్తే ఎవరూ పట్టించుకోలేదు. 1897 ఆగస్టులో జర్మనీలోని బేయర్ ప్రయోగశాలలో దాన్ని మళ్లీ చేశారు. ఆస్పిరిన్ తయారైందీ ఆ నెలలోనే, అక్కడే. మరుసటి ఏడాది బేయర్ ఆ మార్ఫిన్ పదార్థాన్ని దగ్గుకు మందుగా బజారులో పెట్టింది. పెట్టిన పేరు హెరాయిన్. అవును, అది కంపెనీవాళ్ల బ్రాండ్ పేరే. 1913లో కంపెనీ తయారీ ఆపింది, 1924లో అమెరికా నిషేధించింది. ఇన్నేళ్లలో ఆ పొడి మాత్రం ఏమీ మారలేదు.

మనదగ్గర అల్ప్రాజోలం కథ చూడండి. ఆందోళనకు డాక్టర్లు రాసే చిన్న మాత్ర. స్ట్రిప్ తిప్పితే పేరు పక్కన ఎర్రగా ఎన్‌ఆర్‌ఎక్స్ అని ఉంటుంది. 1985 నాటి నార్కోటిక్ చట్టం దీనికి వర్తిస్తుందని గుర్తు. షెడ్యూల్ హెచ్1 మందు కూడా కాబట్టి, షాపువాడు డాక్టర్ పేరు, రోగి పేరు, ఇచ్చిన మాత్రలెన్నో విడి రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. అదే అల్ప్రాజోలం పొడి రూపంలో, కిలోల లెక్కన, తెలంగాణలో కల్లు డిపోలకు చేరుతోంది. చెట్టు కల్లు చాలని చోట నీళ్లు, తీపికి శాకరిన్, మత్తుకు ఈ పొడి. దానికి మందు కల్లు అని పేరు కూడా స్థిరపడింది. రోగానికీ, సారాకూ, పురుగులకూ మందే అనే మనం ఇంగ్లిష్‌వాడి తికమకను వెక్కిరించడమేమిటో!

2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే, అలవాటైన మందు కల్లు అందక చేతులు వణుకుతూ, పొంతనలేకుండా మాట్లాడుతూ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం వరస కట్టారు. వాళ్లెవరూ పబ్బుకు పోయినవాళ్లు కాదు. కూలి పని ముగించుకుని సాయంత్రం సీసా తాగినవాళ్లు.

మాదకద్రవ్యం అని రాసినప్పుడు మన చూపు అర్ధరాత్రి పార్టీల మీదికి, గోవా నుంచి వచ్చే పొట్లాల మీదికి పోతుంది. పారిశ్రామికవాడలో పేరుకు మూతపడిన ఫ్యాక్టరీలో, రాత్రిళ్లు అల్ప్రాజోలం పొడి చేసే రియాక్టర్ మీదికి పోదు. అందుకే నేను డ్రగ్ అనే రాస్తాను. ఈసారి అల్ప్రాజోలం పట్టుబడినప్పుడు, దాన్ని మోసిన కుర్రాడి ఫొటోతో సరిపెట్టకుండా, ముడిసరుకు ఎవరు అమ్మారో, అమ్మినవాళ్ల లెక్కల పుస్తకాన్ని చివరిసారి ఏ అధికారి ఎప్పుడు తెరిచాడో కూడా మన విలేకరులు అడిగితే బాగుంటుంది.