హీరోయిన్లు ఢిల్లీ నుంచే రావాలా? వస్తే ఏ ఢిల్లీ నుంచి?

రాశీ ఖన్నా కెరీర్‌ను ఒకసారి వరసగా చూద్దాం. 1990లో ఢిల్లీలో పుట్టారు. లేడీ శ్రీరామ్ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదివారు. 2013లో హిందీ ‘మద్రాస్ కేఫ్’తో తెర మీదికి వచ్చారు. మరుసటి ఏడాదే ‘ఊహలు గుసగుసలాడే’తో తెలుగు హీరోయిన్ అయ్యారు. ‘జిల్’, ‘సుప్రీమ్’, ‘జై లవ కుశ’, ‘తొలిప్రేమ’, ‘ప్రతిరోజూ పండగే’ వరసగా వచ్చాయి. 2022లో ‘రుద్ర’, 2023లో ‘ఫర్జీ’ వెబ్ సిరీస్‌లతో దేశంలో ఇంటింటికీ చేరారు. పదేళ్లలో ఒక నటి సాధించగలిగింది సాధించారు.

ఆమె కష్టాన్ని తక్కువ చేయడానికి ఈ మాటలు రాయడం లేదు. ఆమెతో మనకు పేచీ లేదు. పేచీ అంతా ఆమె కోసం తెరుచుకున్న తలుపుతోనే. అది ఎవరికి తెరుచుకుంటుంది, ఎవరి ముఖాన మూసుకుంటుంది అన్నదే ప్రశ్న.

ఇది ఒక్కరి కథ కాదు. తాప్సీ పన్ను ఢిల్లీలో ఇంజినీరింగ్ చదివి 2010లో ‘ఝుమ్మంది నాదం’తో మన తెరకు వచ్చారు. రకుల్ ప్రీత్ సింగ్ ఢిల్లీ జీసస్ అండ్ మేరీ కాలేజీ విద్యార్థిని. 2013లో ‘వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్’ ఆమెను పెద్ద హీరోల పక్కన నిలబెట్టింది. రెండు వేల మైళ్లు కాకపోయినా వెయ్యి మైళ్ల దూరం నుంచి మన పల్లెటూరి పిల్ల పాత్రకు మనిషిని తెచ్చుకునే పరిశ్రమ మనది. మన పల్లెలో ఉన్న పిల్ల మాత్రం దానికి కనపడదు.

నటికి భాష రావాలి కదా అని మామూలు ప్రేక్షకుడు అనుకుంటాడు. పరిశ్రమకు ఆ బెంగ ఎప్పుడూ లేదు. గొంతు అరువిచ్చే డబ్బింగ్ కళాకారిణులు ఉన్నారు. సునీత, చిన్మయి లాంటి వాళ్ల గొంతుతో ఎంతమంది హీరోయిన్లు తెలుగు మాట్లాడారో లెక్క లేదు. అంటే తెలుగు రాకపోవడం అనర్హత కాదు. గొంతు లేకపోయినా పరవాలేదు. మరి దేన్ని అరువు తెచ్చుకోలేమని పరిశ్రమ అనుకుంటోంది? చర్మం రంగును, దాని వెనక ఉండే ‘మంచి కుటుంబం’ అనే గుర్తును. మన దేశంలో ‘మంచి కుటుంబం’ అంటే ఏమిటో బహుజనులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక ఢిల్లీ సంగతి. మంగోల్‌పురి కూడా ఢిల్లీయే. త్రిలోక్‌పురి, నంద్ నగ్రి కూడా ఢిల్లీలోవే. వాల్మీకి, జాటవ్ కుటుంబాల ఆడపిల్లలు అక్కడా చదువుకుంటున్నారు, పాడుతున్నారు, ఆడుతున్నారు. హైదరాబాద్ నుంచి వెళ్లే కాస్టింగ్ వాళ్ల చూపు ఆ గల్లీల మీద పడదు. పేరున్న కాలేజీ, మోడలింగ్ ఫొటోలు, అందాల పోటీ, ఎవరో ఒకరి పరిచయం. ఈ మెట్లన్నీ ఉన్న ఢిల్లీయే వాళ్లకు ఢిల్లీ. కాబట్టి గొడవ ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య లేదు. అక్కడ మంగోల్‌పురి అమ్మాయిని ఆపిందీ, ఇక్కడ మాలపల్లె, మాదిగవాడ అమ్మాయిని ఆపిందీ ఒకటే గోడ.

2018 ఏప్రిల్‌లో శ్రీరెడ్డి ఫిల్మ్ చాంబర్ ముందు నిరసనకు దిగి, లైంగిక దోపిడీ గురించి, తెలుగు అమ్మాయిలకు అవకాశాల గురించి నిలదీశారు. ‘మా’ ఆమెపై నిషేధం పెట్టింది. ఢిల్లీ నుంచి జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులు ఇచ్చింది. నిషేధం ఎత్తేశారు. ఆ ప్రశ్నలు న్యాయమైనవి. కానీ ‘తెలుగు అమ్మాయి’ అన్న మాట దగ్గరే ఆగిపోతే మనకు దక్కేది ఏమీ లేదు. ఢిల్లీ అమ్మాయి స్థానంలో జూబ్లీహిల్స్ అమ్మాయి వస్తుంది. హీరోలంతా తెలుగువాళ్లే కదా, అందువల్ల దళితులకు ఒరిగిందేమిటి? కొన్ని ఆధిపత్య కులాల ఇళ్లలో మూడు తరాలుగా హీరోలు పుడుతూనే ఉన్నారు.

వివక్ష మీద సినిమా తీసినా రంగు లెక్క మారదు. ‘కలర్ ఫొటో’ (2020) వర్ణ వివక్ష మీద తీసిన సినిమా. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, 2022లో ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అందుకున్నారు. మంచి ప్రయత్నమే. అందులోనూ నల్లనివాడు హీరో, తెల్లనిది హీరోయిన్. నల్లటి అమ్మాయి ప్రేమకథ అక్కడా రాలేదు. హిందీ ‘బాలా’ (2019)లో నల్లటి అమ్మాయి పాత్ర ఉంది. ఆ పాత్రకు భూమి పెడ్నేకర్ ముఖానికి నల్లరంగు పూశారు. మన రంగు వాళ్లకు మేకప్ సామాను. ఆ రంగుతో పుట్టిన మనిషి మాత్రం అక్కర్లేదు.

ఈ గోడ పాతది. మలయాళ తొలి సినిమా ‘విగతకుమారన్’లో పి.కె. రోజీ అనే దళిత యువతి నాయర్ స్త్రీగా నటించింది. ఒక పులయ స్త్రీ తెర మీద నాయర్ స్త్రీగా కనపడటాన్ని అగ్రకులాలు ఓర్వలేకపోయాయి. ఆమెపై దాడికి దిగి, ఊరు విడిచి పారిపోయేలా చేశాయి. ఒక్క సినిమాతో ఆమె కెరీర్ ముగిసింది. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ ఆమె బొమ్మను డూడుల్‌గా పెట్టింది. ఇప్పుడు ఇల్లు తగలబెట్టే పని లేదు, ఆడిషన్‌కు పిలవకపోతే సరిపోతుంది.

‘ఇది ప్రైవేటు వ్యాపారం, ప్రతిభకే పట్టం’ అంటారు. ఏది ప్రైవేటు? హైదరాబాద్‌లో స్టూడియోలకు ప్రభుత్వం భూములు ఇచ్చింది. టికెట్ ధర పెంచుకోవాలంటే ప్రభుత్వ జీవో కావాలి. ఢిల్లీ పక్కనే యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద సెక్టార్ 21లో 1,000 ఎకరాల ఫిల్మ్ సిటీని ప్రభుత్వ సంస్థే తలపెట్టింది. భూమి ప్రజలది, అనుమతి ప్రజలది, టికెట్ డబ్బు ప్రజలది. అవకాశం మాత్రం కొన్ని ఇళ్లదా? ఇక ప్రతిభ అంటారా, పరీక్ష పెట్టకుండానే ఫెయిల్ చేసినవాళ్ల నోట ఆ మాట రాకూడదు.

మనం అడగాల్సింది దయ కాదు, లెక్క. ప్రభుత్వ భూమి, రాయితీ తీసుకున్న ప్రతి నిర్మాణ సంస్థ బహిరంగ ఆడిషన్లు పెట్టాలి. ఎవరిని తీసుకుందో సామాజిక వర్గాల వారీగా ప్రకటించాలి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో రిజర్వేషన్ ఉంది. అక్కడ శిక్షణ పొందిన ఎస్సీ, ఎస్టీ నటీమణులకు తెలుగు పరిశ్రమ ఏ పాత్రలు ఇచ్చిందో చెప్పాలి. నటి అంటే పనిమనిషి, హీరోయిన్ స్నేహితురాలు, అత్యాచార బాధితురాలు అని ముందే రాసిపెట్టిన స్క్రిప్టుల గురించీ జవాబు చెప్పాలి.

బాబాసాహెబ్ మహాడ్‌లో చెరువు నీళ్లు తాగింది దాహంతో కాదు, ఆ నీళ్ల మీద మనకూ హక్కుందని చెప్పడానికి. వెండితెర కూడా మన టికెట్ డబ్బుతో నిండిన చెరువే. రాశీ ఖన్నాకు దొరికిన పదేళ్లు మన వాడలోని అమ్మాయికీ దొరకాలి, ఆమె రంగుతోనే, ఆమె గొంతుతోనే.

జై భీమ్.