సిగ్నల్ లేదంటున్నదెవరు?

మన ఇళ్లల్లోనూ హాస్టళ్లలోనూ తరచుగా వినబడే ఫిర్యాదు ఒకటుంది: "టీవీ రావడం లేదు. సిగ్నల్ లేదట!" ఆ మాట తెరమీద కనబడగానే మనవాళ్లు చేసే పనులు మూడు. పెట్టె నెత్తిన రెండు దెబ్బలు వేయడం, ప్రభుత్వాన్ని నాలుగు మాటలనడం, చివరికి కొత్త పెట్టె కొనుక్కురావడం. కొత్తది కూడా అదే మాటంటే "అంతా మోసమండీ" అని చతికిలబడడం. ఇంతింత చదువులు చదువుతున్న మనం ఆ రెండు ముక్కల వెనక ఏముందో ఒక్కసారైనా ఆలోచించామా?

మొట్టమొదట వేయవలసిన ప్రశ్న ఇది: ఆ మాట అంటున్నదెవరు? టీవీయా, సెట్‌టాప్ బాక్సా? బాక్సు మెనూ తెరమీద చక్కగా కనబడుతూ, సిగ్నల్ మాత్రం లేదంటే, బాక్సుకూ టీవీకీ మధ్య తీగ బాగున్నట్టే. లోపం డిష్ వైపు ఉంది. మెనూ కూడా రాలేదా, డిష్‌ను నిందించి లాభం లేదు. టీవీలో ఏవీ, హెచ్‌డీఎంఐ ఎంపిక తప్పయి ఉండవచ్చు, తీగ వదులై ఉండవచ్చు, బాక్సుకు కరెంటే అందకపోయి ఉండవచ్చు. ఈ ఒక్క ప్రశ్నతో సగం పని తీరిపోతుంది. ఇది అడక్కుండానే మేడెక్కి, సరిగా ఉన్న డిష్‌ను అటూ ఇటూ తిప్పి, లేని రోగం తెచ్చిపెట్టే మహానుభావులు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

బాక్సులో రెండు గీతలుంటాయి. ఒకటి స్ట్రెంగ్త్, రెండవది క్వాలిటీ. స్ట్రెంగ్త్ బాగా ఉండి క్వాలిటీ సున్నా అయితే, డిష్ మీది ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతున్నదనీ, కాని డిష్ సరియైన ఉపగ్రహాన్ని చూడటం లేదనో, బాక్సులో వేసిన అంకెలు తప్పనో సాధారణంగా అర్థం. ఎల్‌ఎన్‌బీ పుట్టించే ఉత్త రొదకు కూడా స్ట్రెంగ్త్ గీత పైకి లేస్తుంది. నమ్మవలసింది క్వాలిటీని. (మన ఎన్నికల ఉపన్యాసాలకు కూడా ఇటువంటి రెండు గీతలుంటే ఎంత బాగుండును!)

రెండు గీతలూ పడిపోతే తీగ చూడాలి. ఆ తీగ బొమ్మను క్రిందికి తేవడమే కాదు, బాక్సునుంచి 13 లేక 18 వోల్టుల కరెంటును పైకి మోస్తుంది. కనెక్టర్ దగ్గర జల్లెడ తీగలోని ఒక్క పోగు నడిమి తీగకు తగిలిందంటే షార్టే. వాన నీరు దిగి చిలుమెక్కినా అదే గతి. కాఫీ ఖరీదు కూడా చేయని కనెక్టర్ మార్చవలసిన చోట వేల రూపాయల పెట్టె మారుస్తున్నాం. అయితే కనెక్టర్ విప్పేముందు బాక్సు ప్లగ్గు తీసేయడం మరవకూడదు.

ఇక దిక్కు. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాదు నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, దాదాపు 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. నిరుడు మోకాలెత్తున్న వేపకొమ్మ ఈ ఏడు ఆ దారికి అడ్డం పెరిగి ఉండవచ్చు. కుండపోత వానలో బొమ్మ పోతే మాత్రం ఏదీ ముట్టుకోవద్దు, వాన తగ్గితే అదే వస్తుంది.

కొందరు కంప్యూటరుకు తగిలించే పాత అనలాగ్ ట్యూనర్ తెచ్చి గంటలకొద్దీ వెతుకుతారు. దూరదర్శన్ తన అనలాగ్ భూతల ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి కొద్దిచోట్ల తప్ప మూసివేసింది. లేని ప్రసారాన్ని ఏ ట్యూనరు పట్టగలదు? ప్రసారానిది ఒక జాతి, ట్యూనరుది మరో జాతి అయితే పొత్తు కుదరదు.

"టీవీ రాకపోతే సినిమా పోతుంది, అంతేగదా, ఇంత గొడవెందుకు?" అంటారేమో. అంతే కాదు మిత్రులారా! 2017 జూలైలో ప్రారంభమైన స్వయంప్రభ పాఠాలు ఈ జీశాట్-15 నుంచే, 32 ఛానళ్లతో మొదలయ్యాయి. 2020లో బడులు, కళాశాలలు మూతపడ్డప్పుడు స్మార్ట్‌ఫోన్ లేని ఇంట చదువుకు టీవీయే దిక్కయింది. ఆ ఇంటి పిల్లకు "సిగ్నల్ లేదు" అంటే పాఠం లేదని అర్థం. పట్నంలో మెకానిక్‌ను పిలిచేవాడికి అది ఒక పూట చిరాకు. పల్లెలో పిలవడానికి ఎవరూ లేనివారికి అది ఒక సంవత్సరం నష్టం.

మన పెద్దలకు ఈ సంగతి తెలియకపోలేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలందించారు. వాటిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. కోళ్లగూటి వలవంటి జల్లెడతో చేసిన పది అడుగుల డిష్‌లు పల్లెల్లో నిలబెట్టారు. సెట్లు పాడైతే బాగుచేసే ఏర్పాటును కూడా ఆ పథకంలో భాగంగానే చూశారు. ప్రసారం చేయడంతో పని అయిపోదు, అది అందిందో లేదో చూసే మనిషి కూడా కావాలని వారు గ్రహించారు. ఈనాడు ఛానళ్లు పెరిగాయి. ఆ మనిషి ఏడీ?

ఆ మనిషి మనమే కావాలని నా మనవి. ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థి మాడ్యులేషన్ సూత్రాలు గడగడా అప్పజెప్పి, కనెక్టర్ బిగించడం రాక దిక్కులు చూస్తున్నాడంటే ఆ చదువులో ఏదో లోటున్నట్టే. లెక్చరర్లు ప్రాక్టికల్స్‌లో ఒక్క రోజు దీనికి కేటాయించలేరా? విద్యార్థి సంఘం ఏటా పందిళ్లకు పెట్టే ఖర్చులో కొంత తీసి ఒక మల్టీమీటరు, ఒక క్రింపింగ్ పట్టకారు, కొద్ది కనెక్టర్లు కొనలేదా? సెలవులకు ఊరికి పోయే ప్రతి విద్యార్థీ నాలుగిళ్ల డిష్‌లు చూసి రాగలిగితే, అంతకు మించిన సంఘసేవ ఏముంది? పూర్వవిద్యార్థులు ఆ పనిముట్ల పెట్టెకు చేయూతనిస్తే మరీ సంతోషం.

ఆకాశం నుంచి తెరదాకా ఒక్కొక్క మెట్టే దిగుతూ, ఇక్కడిదాకా బాగుంది, ఇక్కడ తెగింది అని వేలుపెట్టి చూపడం టీవీ ఒక్కదానికే పనికివచ్చే విద్య కాదు. పెట్టెను తిట్టడం అందరికీ వచ్చు. తీగ వెంట నడవడం మనం నేర్చుకుందాం.