తప్పుకున్నాడా, తప్పించారా?

పోయిన నెల మా ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ క్లాసులో ఒక పేపర్ పంచారు. కంపెనీ పెద్దల మధ్య గొడవల గురించి ఇంటర్వ్యూలో, గ్రూప్ డిస్కషన్‌లో ఏ మాటలు వాడాలో అందులో ఉంది. గొడవ అనకూడదు, 'డిఫరెన్స్ ఆఫ్ ఒపీనియన్' అనాలి. తీసేశారు అనకూడదు, 'స్టెప్ డౌన్' అయ్యారు అనాలి. ఇద్దరికీ పడట్లేదు అంటే 'నాట్ అలైన్డ్'. విడిపోతే 'పార్టెడ్ వేస్'. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే, పది నిమిషాల్లో అంతా వచ్చేసింది.

తర్వాత ఒక్కొక్కరూ తమకు తెలిసిన గొడవ ఒకటి చెప్పాలన్నారు. మాది మార్కాపురం. ఒకప్పుడు మా నాన్నకి పలకల ఫ్యాక్టరీలో పొత్తు ఉండేది, నేను చిన్నగా ఉన్నప్పుడే అది చెడింది. అదే చెప్పాను. ప్రొక్యూర్‌మెంట్ విషయంలో డిఫరెన్సెస్ వచ్చి పార్ట్‌నర్స్ పార్టెడ్ వేస్ అని. సార్ వెరీ గుడ్ అన్నారు.

ఆ వారం ఇంటికి వెళ్ళినప్పుడు గొప్పగా ఇదంతా నాన్నకి తెలుగులో చెప్పబోయాను. "అభిప్రాయ భేదాలు" అనేసరికి నాన్న నా వైపు అదోలా చూశాడు. "అభిప్రాయాలేందిరా? రాయి ఎక్కువ రేటుకి కొన్నాడు. వాళ్ళ బావమరిది క్వారీలో."

జరిగింది ఇది. రాయి కొనే పని ఆ మామ చూసుకునేవాడు, మిషన్లు, కూలీలు నాన్న. రాయి వచ్చేది మామ బావమరిది దగ్గర్నుంచి. పక్క ఫ్యాక్టరీ వాళ్ళకి తక్కువకి దొరికే రాయి వీళ్ళకి ఎక్కువ పడేది, పైగా పొరలు సరిగ్గా విడిపోక సగం పగిలిపోయేది. నాన్నకి అనుమానం వచ్చి "రేటు ఎక్కువ కాదా బావా" అని రెండుసార్లు అన్నాడట. అంతే, ఇంకేం అడగలేదు. చివరికి అప్పు మిగిలింది, నాన్న బయటికి వచ్చేశాడు. ఊళ్ళో అందరూ మోసం అన్నారు. మామ మాత్రం "మోసమేంది, రాయి రాలేదా, డబ్బు ఇయ్యలేదా" అనేవాడట. దానికి నాన్న దగ్గర జవాబు లేదు. నిజంగానే రాయి వచ్చింది.

ఇప్పుడు నా పాయింట్. మాకు నేర్పిన ఇంగ్లీష్ మాటల్లో ఎక్కువ భాగం చేసినవాణ్ణి కనపడనివ్వవు. స్టెప్ డౌన్ చూడండి. నెట్టినవాళ్ళు మాయమై, పడినవాడే దిగినట్టు అవుతుంది. తెలుగులో తప్పుకున్నాడు, తప్పించారు అని రెండు ఉన్నాయి, ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. పొమ్మనలేక పొగబెట్టారు అంటే కథ మొత్తం వచ్చేస్తుంది. (మన పేపర్లు కూడా "వ్యక్తిగత కారణాలతో రాజీనామా" అని రాస్తాయి, అది తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషే.) 2023 నవంబర్‌లో ఓపెన్‌ఏఐ బోర్డు శామ్ ఆల్ట్‌మన్‌ని తీసేసినప్పుడు ఇచ్చిన కారణం, ఆయన బోర్డుతో ఎప్పుడూ ఒకేలా నిష్కపటంగా మాట్లాడలేదని. అబద్ధం చెప్పాడనా? ఏ విషయంలో? ఆ ఒక్క వాక్యం మీద ప్రపంచం అంతా ఊహాగానాలు చేసింది. వారం తిరగకుండానే ఆయన మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

అలాగని ఆ మాటలన్నీ చెత్త అనను. ఆ పేపర్లోనే చివర్లో రెండు మాటలున్నాయి. కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్, డిసెంట్. వాటి అర్థం నాకు సత్యం కంపెనీ కథ చదివాకే తెలిసింది.

2008 డిసెంబర్ 16న సత్యం బోర్డు మేటాస్ పేరుతో ఉన్న రెండు కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకి కొనడానికి ఒప్పుకుంది. అవి రామలింగరాజు కొడుకులు నడుపుతున్న కంపెనీలు. ఇంగ్లీషులో సత్యం పేరుని వెనక నుంచి చదివితే మేటాస్ వస్తుంది, అంత దగ్గర. మా ఫ్యాక్టరీ కథే, కాకపోతే రాయి బదులు భూములు, రోడ్లు. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడిపోయేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రాజు తనే ఉత్తరం రాసి, ఖాతాల్లో చూపిన 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు.

నాకు బాగా పట్టుకున్నది మధ్యలో జరిగిన ఒక చిన్న సంగతి. మంగళం శ్రీనివాసన్ అనే ఇండిపెండెంట్ డైరెక్టర్ ఆ డిసెంబర్లోనే రాజీనామా చేశారు. మీటింగులో సందేహాలు చెప్పాను గానీ వ్యతిరేకంగా ఓటు వేయలేదు, అందుకు నైతిక బాధ్యత నాదే అన్నారు. సందేహం చెప్పడం వేరు, వద్దని చెయ్యి ఎత్తడం వేరు. డిసెంట్ అంటే ఆ రెండోది. "రేటు ఎక్కువ కాదా బావా" అనేది మొదటిదే.

ఈసారి వెళ్ళినప్పుడు నాన్నకి ఈ రెండు మాటలూ చెప్పాను. కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్‌కి తెలుగు ఏమిటని ఆలోచించి, చివరికి ఇలా అన్నాను: "ఇటు కొనేది నువ్వే, అటు అమ్మేది మీవాళ్ళే, రేటు చెప్పేదీ నువ్వేనా అని అడగొచ్చు నాన్నా. మోసం అని నిరూపించక్కర్లేదు." నాన్న ఆ వాక్యాన్ని ఒకసారి తనలో తనే అనుకున్నాడు. బాగుంది అన్నాడు.

"అప్పుడే తెలిసుంటే అడిగేవాడివా?" అన్నాను.

"అడిగేవాణ్ణి కాదులే. వాళ్ళ చెల్లెల్నే గదా మీ బాబాయికి చేసుకుంది."

దీనికి నా దగ్గర జవాబు లేదు. సత్యం బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, ఐఎస్‌బీ డీన్ ఉన్నారు. ఆ రెండు మాటలూ వాళ్ళకి నా కంటే బాగా తెలుసు. అయినా ఆ రోజు అందరూ సరే అన్నారు.