ఏటి కెల్ల, ఇంటి కావలి

భద్రాచలమున స్నానఘట్టముపై నిలిచి చూచినచో గోదావరికి ఎల్ల యెక్కడనో తెలియదు. 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు పట్టణము తెలంగాణమున నిలువగా, చుట్టుపట్ల గ్రామములు పెక్కు ఆంధ్రప్రదేశమున కలసినవి. నీరు మాత్రము ఎవరి యనుమతియు కోరక పాపికొండల నడుమగా సాగి, ధవళేశ్వరము దాటి పాయలై, కోరంగి మడ అడవుల చెంత సముద్రమును చేరుచున్నది. ఈ దారిలో ప్రభుత్వమువారు రెండు రక్షణరేఖలు గీచిరి. కోరంగిని 1978లో అభయారణ్యముగా నేర్పరచిరి. దాని వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. పాపికొండలు 2008లో జాతీయోద్యానవనమైనవి.

ఈ రేఖలతో గృహిణికేమి పని యని మా సోదరీమణులు కొందరడుగవచ్చును. కోరంగిలో రొయ్యపిల్లయు పీతపిల్లయు పెరుగునది మడచెట్ల వేళ్ల నడుమనే. చెట్టు నరికినచో వల వట్టిపోవును. నరుకకున్నచో తీరపు పల్లెలో పొయ్యి రాజదు. పుల్లలు తెచ్చునదియు, గంపతో చేపలమ్మునదియు స్త్రీయే గదా! 1990ల చివర స్వామినాథన్ పరిశోధన సంస్థవారు, అటవీశాఖవారు, పల్లెల సమితులవారు కలసి, ఉప్పు పేరుకొని చెట్లు చచ్చినచోట కాలువలు త్రవ్వి, పోటునీటిని లోనికి రానిచ్చి మొక్కలు నాటిరి. ఆ కాలువ పూడిపోయినచో శ్రమయంతయు వ్యర్థము. దానిని కనిపెట్టి యుండవలసినవారు ఊరివారే. జీతపు కావలివారు నలుగురు చాలరు.

ఇక మన్యమునకు వత్తము. 2006 నాటి అటవీహక్కుల చట్టము అభయారణ్యములలోను ఉద్యానవనములలోను సైతము వర్తించును. దాని ప్రకారము దంపతులకు భూమిపై హక్కు ఇరువురి పేరను నమోదు కావలెను. అడవి ఫలసాయముపైనే గాక, నీటిలోని చేపలపైనను ఊరికి ఉమ్మడి హక్కు గలదు. అడవిని, మృగములను, నీటివనరులను కాపాడు అధికారమును గ్రామసభకే యిచ్చిరి. రెండూళ్లు ఒకే కొండవాగును తమదన్నచో, ఉభయుల అటవీహక్కుల సమితులును కూర్చుండి పరిశీలించి, తమ తమ సభలకు తెలుపవలెను. పెద్దల నోటిమాట కూడ సాక్ష్యమే.

ఇందు మాకు మిక్కిలి ముఖ్యముగా తోచినది మరియొకటి. 2012లో సవరించిన నియమముల ప్రకారము సభకు ఊరివారిలో సగమైనను రావలెను. వచ్చినవారిలో మూడవవంతైనను స్త్రీలుండవలెను. ఏ వాగు వేసవిలో ఎండునో, అడ్డాకు ఎచ్చట దొరకునో, ఇరుగూరివారు ఎంతవరకు వచ్చి యేరుకొందురో రోజును తిరుగు కోయ, కొండరెడ్డి స్త్రీలకు తెలిసినట్లు పటము గీయువారికి తెలియునా? సభ ముగిసిన పిదప ఇంటింటికిని పోయి వేలిముద్రలు వేయించుకొనుట సభ కానేరదు. ఒక మూలను కూర్చుండబెట్టి లెక్కపెట్టుకొనుటయు అట్టిదే.

సభలు జరిపించు ఉద్యోగులకు మేమొక మనవి చేయుచున్నాము. సంతనాడు సభ పెట్టవలదు. వేసవి యారంభమున ప్రొద్దుటివేళ అసలే వలదు. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలును. ఎండ యెక్కకముందే యేరవలెను.